అర్హత తేల్చేదెవరు? జాన్ స్టూవర్ట్ మిల్, స్వేచ్ఛ, ఇండియా

1859 ఫిబ్రవరిలో లండన్‌లో ‘ఆన్ లిబర్టీ’ అచ్చయి వచ్చింది. ఇతరులకు హాని చేయనంత వరకు మనిషి బతుకు మీద గానీ, ఆలోచన మీద గానీ, మాట మీద గానీ సర్కారుకూ సంఘానికీ పెత్తనం లేదని అంత సూటిగా వాదించిన పుస్తకాలు అరుదు. దాన్ని రాసిన జాన్ స్టూవర్ట్ మిల్ అంతకు కొద్ది నెలల ముందు వరకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. కోట్లాది మందిని వాళ్ల మాట అడగకుండా పాలించిన సంస్థలో అతను ముప్పై అయిదేళ్లు కొలువు చేశాడు.

ఈ రెండింటికీ పొంతన ఎలా కుదిరింది? జవాబు ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే కొద్ది వాక్యాల్లో ఉంది. స్వేచ్ఛా సూత్రం పిల్లలకు వర్తించదంటాడు మిల్. ఇంకా బాల్యదశ దాటని సమాజాలకూ వర్తించదంటాడు. అలాంటి చోట జనాన్ని బాగుచేయడమే ఉద్దేశమైతే నిరంకుశ పాలన న్యాయమేనట. చర్చించుకుని ఎదగగల స్థితి వచ్చేదాకా ఒక అక్బరో, ఒక షార్లమేనో దొరికితే వాళ్ల ఆజ్ఞకు తలొంచడం తప్ప ఆ జనానికి వేరే దారి లేదట. ఇండియా ఆ బాల్యదశ జాబితాలో ఉందనడంలో మిల్‌కు సందేహం లేదు.

దీని గురించి విన్న పాఠకుడికి వెంటనే రెండు మాటలు తోస్తాయి. చెప్పేవి శ్రీరంగనీతులని మిల్‌ను పక్కన పెట్టేయడం ఒకటి. ఆ కాలంలో అందరూ అంతేలే అని సర్దుకుపోవడం రెండోది. రెండూ నిలబడవు. మిల్‌కు ముందు తరంలోనే ఎడ్మండ్ బర్క్ కంపెనీ గవర్నర్ జనరల్‌గా చేసిన వారన్ హేస్టింగ్స్‌ను పార్లమెంటులో బోనెక్కించాడు. మిల్ కుటుంబానికి గురువులాంటి జెరెమీ బెంథమ్ 1793లోనే వలసలను వదులుకోమని ఫ్రెంచి వాళ్లకు ఉపదేశించాడు. కాబట్టి కాలం మీద నెట్టేయలేం. ఇక ద్వంద్వనీతి అందామంటే, మిల్ తన మినహాయింపును దాచుకోలేదు. దాన్ని సిద్ధాంతంలో భాగంగా, నలుగురికీ కనిపించేలా నిలబెట్టాడు.

గత అరవై ఏళ్లకు పైగా ఈ విషయం మీద చాలా పుస్తకాలు వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: మిల్ పొరపాటు భారతీయులను తక్కువగా చూడడంతో ఆగలేదు. స్వేచ్ఛను అర్హతకు ముడిపెట్టి, ఆ అర్హతను తేల్చే పనిని పాలకుడి చేతికే అప్పగించడంలో ఉంది అసలు లోపం. దాన్ని కూల్చడానికి కావలసిన వాదాలన్నీ మిల్ పుస్తకాల్లోనే ఉన్నాయి.

తండ్రి చరిత్ర, కొడుకు కొలువు

మిల్ 1806 మే 20న లండన్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ మిల్ స్కాట్లండ్ నుంచి వచ్చి రాతపనితో ఇల్లు నడుపుకునేవాడు. కొడుకును బడికి పంపలేదు. ఇంట్లోనే తన పద్ధతిలో తయారు చేశాడు. మూడో ఏట గ్రీకు, ఎనిమిదో ఏట లాటిన్, పన్నెండేళ్లకు తర్కం, ఆ మరుసటేడు అర్థశాస్త్రం. తోటిపిల్లల స్నేహం లేదు, సెలవు లేదు. తాను నేర్చుకున్నది తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పాలి, వాళ్లు అప్పజెప్పలేకపోతే మాట తాను పడాలి.

కొడుకు పాఠాలు చదువుకునే బల్ల దగ్గరే కూర్చుని జేమ్స్ మిల్ ‘హిస్టరీ ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ రాశాడు. 1817లో అచ్చు ప్రతులు దిద్దుతుంటే పదకొండేళ్ల కొడుకు చేతిరాత ప్రతిని పక్కన చదివి వినిపించాడు. ఆ పుస్తకం రాసినాయన ఇండియాకు ఎన్నడూ రాలేదు. ఇక్కడి భాష ఒక్కటీ తెలియదు. చూడకపోవడమే మేలని, దూరం నుంచి కాగితాలు తూచేవాడికే నిష్పక్షపాతంగా తీర్పు చెప్పడం కుదురుతుందని ముందుమాటలో వాదించాడు కూడా. నాగరికతల నిచ్చెనలో హిందువులను కింది మెట్టు మీద నిలబెట్టిన ఆ పుస్తకం ఆయనకు 1819లో కంపెనీలో ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఇండియాకు వచ్చే కుర్ర అధికారులు హెయిలీబరీ కళాశాలలో దాన్నే చదువుకున్నారు.

కొడుకు 1823 మే 21న, పదిహేడేళ్లు నిండిన మర్నాడు, లెడెన్‌హాల్ వీధిలోని అదే కార్యాలయంలో తండ్రి కింద గుమాస్తాగా చేరాడు. ఎగ్జామినర్ ఆఫీసు అని పిలిచే ఆ విభాగంలో పని ఇలా సాగేది. కలకత్తా, మద్రాసు, బొంబాయిల నుంచి ఓడల మీద నివేదికల కట్టలు దిగుతాయి. వాటిని చదివి ఆ విభాగం వాళ్లు జవాబు ముసాయిదా తయారు చేస్తారు. అది కంపెనీ ఛైర్మన్ చూడాలి, ప్రభుత్వం తరఫున బోర్డ్ ఆఫ్ కంట్రోల్ చూడాలి, ఆపైన డైరెక్టర్లు ఆమోదించాలి. ఒక ఉత్తరానికి జవాబు తిరిగొచ్చేసరికి మొదటి రోజుల్లో ఏడాది దాటేది. మిల్ తన కొలువులో ఇలాంటి ముసాయిదాలు 1,700 వరకు రాశాడు. వాటిలో ఎక్కువ భాగం సంస్థానాలతో కంపెనీ సంబంధాల గురించినవి. తండ్రి 1836లో పోయాడు. కొడుకు మెట్టుమెట్టుగా ఎక్కి 1856లో ఆ విభాగానికే పెద్ద అయ్యాడు. అతనూ ఇండియా చూడలేదు.

ఈ మధ్యలో అతని బతుకు ఒకసారి తలకిందులైంది. 1826లో, ఇరవయ్యో ఏట, తను కోరుకుంటున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే నెరవేరితే తనకు సంతోషం కలుగుతుందా అని ప్రశ్నించుకున్నాడు. లేదని లోపలి నుంచి జవాబు వచ్చింది. నెలల తరబడి దిగులులో మునిగాడు. వర్డ్స్‌వర్త్ కవిత్వం చదివి తేరుకున్నాడు. లెక్కగట్టి సుఖాన్ని కొలిచే తండ్రి సిద్ధాంతం నుంచి పక్కకు జరిగి, ఎవరి స్వభావం వాళ్లు తమకు తాముగా పెంచుకోవడంలోనే మనిషితనం ఉందన్న నమ్మకానికి వచ్చాడు. ‘ఆన్ లిబర్టీ’ మూడో అధ్యాయం ఆ నమ్మకం మీదే నడుస్తుంది. బాగుచేయాలన్న పట్టుదలతో పైనుంచి మలిస్తే మనసు ఏమవుతుందో అతనికి అనుభవం మీద తెలుసు. దేశాల విషయంలో మాత్రం ఆ అనుభవాన్ని గుర్తు చేసుకోలేదు.

కంపెనీ రాజ్యం 1857 తిరుగుబాటుతో కూలింది. దాన్ని కాపాడుకోవడానికి పార్లమెంటుకు ఇచ్చిన విన్నపాన్ని మిల్ రాశాడు. 1858లో చట్టం వచ్చి పాలన బ్రిటిష్ రాణి చేతికి పోయింది. కొత్త ఇండియా కౌన్సిల్‌లో చోటిస్తామన్నా కాదని, ఏటా 1,500 పౌండ్ల పింఛనుతో తప్పుకున్నాడు. ఆ నవంబరులోనే ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో భార్య హారియెట్ టేలర్ చనిపోయింది. తనతో కలిసి ఆలోచించిన మనిషి అని మిల్ స్వయంగా చెప్పుకున్న ఆమెకే ‘ఆన్ లిబర్టీ’ని అంకితమిచ్చాడు. 1865 నుంచి 1868 వరకు పార్లమెంటు సభ్యుడు. 1867లో స్త్రీలకు ఓటు కోసం సవరణ పెడితే 73 మంది అతని వైపు నిలిచారు. 1873 మే 7న అవిన్యోన్‌లోనే కన్నుమూశాడు.

రాతలు చెప్పేది

ఇండియా మీద మిల్ ఆలోచన ఒక్క వాక్యంలో దొరికేది కాదు. అతని రాతలు మూడు ముఖాలుగా కనిపిస్తాయి.

మొదటిది పాలకుడి ముఖం. 1859 చివర్లో ‘ఎ ఫ్యూ వర్డ్స్ ఆన్ నాన్ ఇంటర్వెన్షన్’ అనే వ్యాసంలో, నాగరిక దేశాల మధ్య పాటించే నియమాలు అనాగరికుల దగ్గర పనికిరావని, వాళ్లకు జాతిగా హక్కులు లేవని తేల్చేశాడు. 1856లో అవధ్‌ను కలిపేసుకోవడం అన్యాయం కాదని, కంపెనీ చాలా ఆలస్యంగా చేసిన బాధ్యత అని సమర్థించాడు. తిరుగుబాటు మంటలు అప్పటికింకా పూర్తిగా చల్లారలేదు.

రెండోది అనుమానించే ముఖం. 1861 నాటి ‘కన్సిడరేషన్స్ ఆన్ రిప్రజెంటేటివ్ గవర్నమెంట్’ చివరి అధ్యాయం వలసల పాలన గురించి. ఒక జాతి తనను తాను పాలించుకోవడానికి అర్థముంది గానీ, ఒక జాతి మరో జాతిని పాలించడమన్నది నిజానికి జరిగే పని కాదంటాడక్కడ. తన లాభం కోసం పశువుల దొడ్డిలా వాడుకోవడం మాత్రం జరుగుతుందట. లండన్‌లో ఓటర్లకు జవాబుదారీ అయిన మంత్రి, ఇండియాలో డబ్బు సంపాదించుకోవడానికి వెళ్లిన తెల్లవాళ్ల మాటే వింటాడని, అక్కడి రైతు గోడు ఎవరి చెవికీ చేరదని హెచ్చరించాడు. అందుకే ఓట్ల రాజకీయాలకు దూరంగా, విషయం తెలిసిన ఉద్యోగుల సంస్థ మధ్యవర్తిగా ఉండాలని, కంపెనీ అలాంటిదని వాదించాడు. సమస్యను ఇంత లోతుగా పట్టుకున్నవాడు పరిష్కారం దగ్గరికొచ్చేసరికి తను పనిచేసిన ఆఫీసునే చూపించాడు.

మూడోది పీడితుల పక్షం వహించే ముఖం. 1849లో థామస్ కార్లైల్ నల్లవాళ్లు పని చేయించుకోవడానికే పుట్టారన్న ధోరణిలో రాస్తే మిల్ గట్టిగా ఖండించాడు. జాతుల మధ్య తేడాలు పుట్టుకతో వచ్చాయనడం బద్ధకపు వివరణ అని ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ’లో అప్పటికే రాశాడు. 1865లో జమైకాలోని మొరాంట్ బే తిరుగుబాటును గవర్నర్ ఎడ్వర్డ్ ఐర్ నాలుగు వందల మందికి పైగా ప్రాణాలు తీసి అణిచాడు. అతన్ని హత్యానేరం కింద విచారించాలని పట్టుబట్టిన జమైకా కమిటీకి మిల్ అధ్యక్షుడు. దీని మీద అతనికి బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి, 1868లో పార్లమెంటు సీటు కూడా పోయింది.

ఈ మూడు ముఖాల్లో ఏది అసలుది? పండితుల తగవంతా ఇక్కడే.

పండితుల తగవు

ఈ చర్చకు పునాది వేసింది ఎరిక్ స్టోక్స్ రాసిన ‘ది ఇంగ్లిష్ యుటిలిటేరియన్స్ అండ్ ఇండియా’ (1959). బెంథమ్, జేమ్స్ మిల్‌ల సిద్ధాంతాలు ఇక్కడి శిస్తులోకి, చట్టాల్లోకి, కోర్టుల్లోకి ఎలా దిగాయో ఆయన పాత కాగితాలు తవ్వి చూపించారు. అందులో తండ్రి పాత్ర పెద్దది, కొడుకుది చిన్నది.

కొడుకు వంతు పూర్తి చేసింది లిన్ జాస్టూపిల్. 1994లో వచ్చిన ‘జాన్ స్టూవర్ట్ మిల్ అండ్ ఇండియా’లో ఆయన ఆ కార్యాలయపు ముసాయిదాలనే చదివారు. తేలిందేమంటే, మిల్ తండ్రి బాటలోనే నడవలేదు. థామస్ మన్రో, జాన్ మాల్కమ్, మౌంట్‌స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్ లాంటి, దేశంలో తిరిగి పనిచేసిన అధికారుల ప్రభావం అతని మీద బలంగా పడింది. స్థానిక పెద్దలను, అలవాట్లను కలుపుకుపోకుండా ఏ పాలనా నిలవదని వాళ్ల నమ్మకం. ఇక్కడ మన నేల ప్రస్తావన వస్తుంది. మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల్లో, అంటే చాలావరకు నేటి రాయలసీమలో, ఊరూరా తిరిగి రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతిని స్థిరపరిచాడు. గవర్నరయ్యాక 1824 చివర్లో రాసిన మినిట్‌లో (అధికారిక అభిప్రాయ పత్రంలో), నమ్మకమున్న పదవులేవీ ఇవ్వకుండా ఒక జనాన్ని బాగుచేస్తామనడం కుదరదని తోటి పాలకులను నిలదీశాడు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అతని అనుభవం లండన్‌లో కూర్చున్న యువ గుమాస్తాకు పాఠమైంది. 1835లో మెకాలే మినిట్ వల్ల ప్రభుత్వ డబ్బంతా ఇంగ్లిషు చదువుకు మళ్లితే, మరుసటేడు మిల్ దాన్ని తప్పుపడుతూ ముసాయిదా రాశాడు. సంస్కృత, అరబీ పండితులను దూరం చేసుకుంటే కొత్త జ్ఞానం జనంలోకి దిగదని అతని వాదం. బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అధ్యక్షుడు హాబ్‌హౌస్ దాన్ని తిరగ్గొట్టాడు, ఆ ఉత్తరం ఇండియాకు వెళ్లనేలేదు.

జాస్టూపిల్ చిత్రంలో మిల్ వినగల పాలకుడు. ఐదేళ్ల తర్వాత ఉదయ్ సింగ్ మెహతా ‘లిబరలిజం అండ్ ఎంపైర్’ (1999)తో ఆ చిత్రాన్ని చెరిపేశారు. మెహతా దృష్టిలో సామ్రాజ్యం ఉదారవాదానికి తగిలిన మరక కాదు, దాని లోపలి నుంచి పుట్టిందే. మనుషులంతా ఒక్కటే అంటూనే, ఆ ఒక్కటి కావడానికి విద్య, వివేకం, ఒక స్థాయి నాగరికత కావాలని షరతు పెట్టే సిద్ధాంతం, తనకు అర్థం కాని సమాజాన్ని చూసినప్పుడు దాన్ని పసితనంగానే లెక్కిస్తుంది. మెహతా కథలో గెలిచేది బర్క్. అతనికి ఇండియా ఎదగాల్సిన పసిపిల్ల కాదు, ఊళ్లూ గుళ్లూ వంశాలూ జ్ఞాపకాలూ ఉన్న పూర్తి సమాజం. పుస్తకం పదునైనదే, కానీ బర్క్ దగ్గర కాస్త మెత్తబడింది. సంప్రదాయం మీద బర్క్‌కున్న గౌరవం ఆ సంప్రదాయం కింద నలిగే వాళ్లకు ఏమిస్తుంది? కులం అడుగున ఉన్నవాడు బర్క్‌ను చదివి ఊరట పొందుతాడా? మెహతా ఆ ప్రశ్న దగ్గర ఆగలేదు.

జెనిఫర్ పిట్స్ ‘ఎ టర్న్ టు ఎంపైర్’ (2005) మెహతాకు చరిత్రతో బదులిచ్చింది. ఆడమ్ స్మిత్, బర్క్, బెంథమ్ సామ్రాజ్యాన్ని విమర్శించారు. ఉదారవాదం సామ్రాజ్యం వైపు మళ్లింది తర్వాతి తరంలోనే. స్మిత్ దగ్గర సమాజ దశల చర్చలో కనిపించిన సూక్ష్మతను జేమ్స్ మిల్ మొరటు నిచ్చెనగా మార్చాడు. కొడుకు ఆ నిచ్చెనను దిగలేకపోయాడు. అంటే తప్పు ఉదారవాదపు పుట్టుకలో లేదు, మధ్యలో తీసుకున్న మలుపులో ఉంది. మెహతా, పిట్స్ ఇద్దరిలో నాకు పిట్స్ మాటే నమ్మకంగా ఉంది. ఒక సిద్ధాంతం నుంచి రెండు దారులు చీలినట్టు చరిత్ర చూపిస్తుంటే, ఒక దారే తప్పనిసరి అనలేం.

మిల్ తరఫున మాట్లాడేవారూ ఉన్నారు. జార్జియోస్ వరూక్సాకిస్ ‘లిబర్టీ అబ్రాడ్’ (2013)లో, మిల్ లెక్కంతా చరిత్ర దశల మీదే గానీ రక్తం మీద కాదని వివరించారు. అక్బర్ పక్కన షార్లమేన్‌ను నిలబెట్టడమే ఇందుకు సాక్ష్యం, ఎందుకంటే యూరప్ కూడా ఒకప్పుడు అదే దశలో ఉండేదని మిల్ నమ్మకం. ఈ రక్షణలో నిజముంది. కానీ దానివల్ల ఇక్కడివాడికి ఒరిగేది తక్కువ. పుట్టుకతో తక్కువని చెప్పి తలుపేసినా, ఇంకా టైము రాలేదని చెప్పి తలుపేసినా, బయట నిలబడ్డవాడు బయటే ఉంటాడు. రెండోదానిలో ఆశ అనే అదనపు బరువు కూడా ఉంది. దీపేశ్ చక్రవర్తి ‘ప్రొవిన్షియలైజింగ్ యూరప్’ (2000)లో పట్టుకున్నది సరిగ్గా దీన్నే. మిల్ తరహా చరిత్ర వలస దేశాలను నిరీక్షణ గదిలో కూర్చోబెడుతుందని, జాతీయోద్యమం ఆ గదిలో ఉండనని చెప్పి, స్వపాలన ఇప్పుడే కావాలని అడిగిందని ఆయన అంటారు.

కరుణా మంతెన ‘అలిబైస్ ఆఫ్ ఎంపైర్’ (2010) చర్చను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. 1857 తర్వాత పాలకులు బాగుచేస్తామన్న మాటే వదిలేశారు. న్యాయ చరిత్రకారుడు హెన్రీ మెయిన్ వంటివారి ప్రభావంతో, ఈ సమాజాలు మారవు, వీటి ఆచారాలను కాపాడడమే మన పని అన్న వాదం పైకొచ్చింది. మిల్ వాగ్దానమైనా చేశాడు, తర్వాతివాళ్లు అదీ చేయలేదు. భారతీయ ఉదారవాదులు చేసింది ఆ వాగ్దానాన్ని వసూలు చేయడమేనని సి.ఎ. బెయిలీ ‘రికవరింగ్ లిబర్టీస్’ (2011) చదివితే అర్థమవుతుంది. రామమోహన రాయ్ నుంచి రానడే, గోఖలే దాకా వాళ్లు ఇంగ్లండు నుంచి ఆలోచనలు తెచ్చుకున్నారు, కానీ షరతులు తెచ్చుకోలేదు. దాదాభాయ్ నౌరోజీ 1901లో తన పుస్తకానికి పెట్టిన పేరులోనే ఇక్కడి పాలనను బ్రిటిష్ స్వభావానికే విరుద్ధమన్నాడు.

పరీక్షకుడి సమస్య

ఈ పుస్తకాలన్నీ ఒక ప్రశ్న చుట్టూ తిరిగాయి గానీ దాని మీద తగినంత సేపు నిలవలేదు. ఒక జనం స్వేచ్ఛకు సిద్ధమైందని ఎవరు చెప్పాలి?

మిల్ దగ్గర దీనికి జవాబు లేదు. నిరంకుశత్వం తాత్కాలికమేనంటాడు, కానీ గడువు పెట్టలేదు. చర్చ ద్వారా ఎదగడమే గుర్తంటాడు, కానీ దాన్ని కొలిచే పద్ధతి చెప్పలేదు. మిగిలింది పాలకుడే. శిస్తు వసూలు చేసేవాడే అర్హతాపత్రమూ ఇవ్వాలి, ఇచ్చిన రోజున తన ఉద్యోగం పోతుంది. ఇంత సాదా చిక్కు మిల్ లాంటి వాడికి కనిపించలేదంటే నమ్మడం కష్టం, ఎందుకంటే వేరే చోట్ల అతను దాన్నే బయటపెట్టాడు.

‘ఆన్ లిబర్టీ’ రెండో అధ్యాయమే తీసుకోండి. ఒక అభిప్రాయాన్ని నోరు మూయించేవాడు తాను పొరబడనని అనుకుంటున్నాడని అక్కడ వాదన. ఒక సమాజం మొత్తాన్ని నోరెత్తే స్థాయికి రాలేదనేవాడు అంతకంటే పెద్ద ధీమాతోనే కదా మాట్లాడుతున్నాడు? ‘రిప్రజెంటేటివ్ గవర్నమెంట్’ మూడో అధ్యాయంలో మంచి నిరంకుశుడనే ఆదర్శాన్నే మిల్ తుడిచిపెట్టాడు. అన్నీ పైవాడే చక్కబెడుతుంటే జనం మనసు మొద్దుబారుతుందని, ఊరి పనుల్లోనూ జ్యూరీల్లోనూ పాలుపంచుకుంటేనే పౌరులు తయారవుతారని చెప్పాడు. ఎవరి హక్కులకు వాళ్లే నమ్మదగిన కాపలాదారులన్నాడు. ‘ఆన్ లిబర్టీ’ వచ్చి పదేళ్లు తిరిగేసరికి 1869లో ‘ది సబ్జెక్షన్ ఆఫ్ విమెన్’ వచ్చింది. స్త్రీల స్వభావం ఇంతే అనడానికి మగవాళ్ల దగ్గర ఆధారమే లేదు, ఇన్ని తరాలూ అణిచి పెంచి, ఆ పెంపకం ఫలితాన్ని స్వభావమంటున్నారు అని అందులో తేల్చాడు. అధికారం అనుభవిస్తున్నవాడి తీర్పు నమ్మరాదని ఇంత స్పష్టంగా చెప్పిన పుస్తకంలో మగవాళ్ల స్థానంలో కంపెనీని పెట్టి చదివితే ‘ఆన్ లిబర్టీ’లోని మినహాయింపు కుప్పకూలుతుంది.

ఈ వైరుధ్యం మిల్ ఒక్కడిదే కాదు. అర్హత వచ్చేదాకా స్వేచ్ఛ ఇవ్వకూడదనేవాళ్లు ఈత వచ్చాకే నీళ్లలో దిగుతానన్న తెలివితక్కువవాడి లాంటివాళ్లని మెకాలే 1825లో మిల్టన్ మీద రాసిన వ్యాసంలో ఎగతాళి చేశాడు. ఎనిమిదేళ్లకు కంపెనీ చార్టర్ చర్చలో పార్లమెంటులో లేచి, ఇండియాకు స్వపాలన కుదరదు గనుక గట్టి, నిష్పక్షపాత నిరంకుశత్వమే మేలన్నాడు. ఇంగ్లండు గట్టు మీద ఉన్నప్పుడు తెలిసిన సంగతి హిందూ మహాసముద్రం దాటగానే మరుగున పడింది.

పాలకుడి లెక్కకూ పాలితుడి లెక్కకూ ఎంత తేడా ఉంటుందో చూడడానికి మన కోస్తా చాలు. 1858లో మిల్ తయారుచేసిన మెమొరాండం గత ముప్పై ఏళ్లలో ఇండియా పాలనలో వచ్చిన మెరుగుదలల పట్టిక. భూమి శిస్తు సంస్కరణలు, సతి, శిశుహత్యల నిషేధం, థగ్గుల అణచివేత, రోడ్లు, నీటిపారుదల, బడులు అందులో ఉన్నాయి. వాటిలో చాలామటుకు నిజమే. కానీ ఆ ముప్పై ఏళ్లలోనే 1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. గోదావరి జిల్లా జనాభా 1821లో ఏడు లక్షలకు పైగా ఉంటే 1841 నాటికి అయిదున్నర లక్షల చిల్లరకు పడిపోయింది. కరువుల తర్వాత, శిస్తు పడిపోయాక, ఆర్థర్ కాటన్ పోరి ఒప్పించాక, 1847లో ధవళేశ్వరంలో పని మొదలై 1852కు ఆనకట్ట పూర్తయింది. గోదావరి రైతు కాటన్‌ను ఇప్పటికీ తలుచుకుంటాడు, ఆ కృతజ్ఞతలో తప్పేమీ లేదు. అయితే ఆ నీళ్లు ఇరవై ఏళ్ల ముందే కావాలని అడిగే హక్కు రైతుకు ఉండి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవన్న ప్రశ్న మెరుగుదలల పట్టికలో ఎక్కడా కనిపించదు. స్వేచ్ఛగా మాట్లాడే పత్రికలూ ఎన్నికలూ ఉన్న చోట పెద్ద కరువులు రావని అమర్త్య సేన్ తర్వాత చెప్పిన సూత్రం కూడా దీన్నే చెబుతుంది. చర్చ ద్వారా ఎదగడమనేది జనం నోరు విప్పాకే మొదలవుతుంది.

ఇండియా ఇచ్చిన బదులు

మిల్ ఇంగ్లండు వాళ్లకూ ఒక పరీక్ష పెట్టాడన్నది మరవకూడదు. చదవడం, రాయడం, కూడికలు తెలియని వాడికి ఓటు ఇవ్వకూడదని, చదువుకున్నవాళ్లకు ఒకటికి మించి ఓట్లుండాలని 1861లో ప్రతిపాదించాడు. అంటే అర్హతల వ్యామోహం వలసలకే పరిమితం కాదు, అది అతని ప్రజాస్వామ్యంలోనే ఉంది. ఇండియాలో బ్రిటిష్ పాలన చివరిదాకా ఈ మార్గంలోనే నడిచింది. 1935 చట్టం కింద కూడా ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్నవాళ్లే ఓటర్లు.

దీనికి గట్టి జవాబు అంబేద్కర్ నుంచి వచ్చింది. 1928–29లో సైమన్ కమిషన్ ముందు పెట్టిన పత్రాల్లో ఆయన వయోజన ఓటుహక్కు అడిగారు, అక్షరాస్యత షరతును తోసిపుచ్చారు. చదువు రానివాడికి తెలివి లేదనుకోవడం ఒక పొరపాటు, చదువు అందకుండా చేసిన సమాజమే చదువు లేదని ఓటు నిరాకరించడం రెండో అన్యాయం అన్నది ఆయన వాదం. పరీక్షకుడే విద్యార్థిని బడికి రానీయలేదని ఇంత సూటిగా మిల్‌కు ఎవరూ చెప్పలేదు. అదే అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చివరి పెద్ద ప్రసంగం చేస్తూ మిల్‌నే ఉటంకించారు. ఎంత గొప్పవాడైనా సరే ఒక మనిషి పాదాల దగ్గర జనం తమ స్వేచ్ఛను పెట్టకూడదన్న హెచ్చరిక అది. మిల్‌లో ఏది తీసుకోవాలో, ఏది వదలాలో అంత స్పష్టంగా తెలిసిన పాఠకుడు అతనికి ఇంగ్లండులోనూ అరుదు.

1951 జనగణనలో అక్షరాస్యత దాదాపు 18 శాతం. 1951–52 ఎన్నికల జాబితాలో 17 కోట్లకు పైగా ఓటర్లు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. మాధవ్ ఖోస్లా ‘ఇండియాస్ ఫౌండింగ్ మొమెంట్’ (2020)లో ఈ నిర్ణయాన్ని సరిగా చదివారు. జనం సిద్ధమయ్యాక ప్రజాస్వామ్యం కాదు, ప్రజాస్వామ్యమే జనాన్ని సిద్ధం చేస్తుందని రాజ్యాంగ నిర్మాతలు నమ్మారని ఆయన వివరణ. పాలుపంచుకోవడమే పౌరుడికి బడి అన్న మిల్ మాటను, మిల్ పెట్టిన ప్రవేశ పరీక్ష లేకుండా, అమలు చేసింది ఈ దేశం.

ఆ వరుసను మళ్లీ తలకిందులు చేయాలన్న కోరిక మాత్రం పోలేదు. పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలంటే పదో తరగతి ఉండాలని, మహిళలకూ షెడ్యూల్డ్ కులాలకూ కొంత సడలింపుతో, హర్యానా 2015లో చట్టం చేసింది. ఆ డిసెంబరులో రాజ్‌బాలా కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తీర్పు రాసింది కృష్ణా జిల్లా బిడ్డ జస్టిస్ జాస్తి చలమేశ్వర్. మంచిచెడులు, తప్పొప్పులు తేల్చుకునే శక్తి చదువు వల్లే వస్తుందన్నది అందులోని తర్కం. ఓటు వేయడం, పోటీ చేయడం ఒకటి కావన్నది నిజమే. అయినా ఆ తర్కం మిల్‌దే. రాజస్థాన్ అలాంటి చట్టాన్నే తెచ్చి, 2019లో వెనక్కి తీసుకుంది. బడి కట్టించని ప్రభుత్వం బడికి పోనందుకు శిక్షించడం ఏం న్యాయమని అడిగేవాళ్లు అంబేద్కర్ వాదాన్నే మళ్లీ వినిపిస్తున్నారు.

కాబట్టి ఈ పుస్తకాల గుట్ట చివర మిల్‌ను ఎలా చదవాలి? మెహతా చెప్పినట్టు అనుమానంతో చదవాలి, కానీ బర్క్ దగ్గర ఆగిపోకుండా. జాస్టూపిల్ చూపిన ముసాయిదాలను చదవాలి, కానీ వినగల పాలకుడు కూడా పాలకుడేనని గుర్తుంచుకుని. తనను విమర్శించడానికి అవసరమైన వాదాలను తానే ఇంత దండిగా రాసిపెట్టిన తత్వవేత్తలు కొద్దిమందే. మొదటి అధ్యాయపు మినహాయింపును రెండో అధ్యాయంతో కొట్టేసి చదవడం మిల్‌కు ద్రోహం కాదు. ఒక జనానికి, ఒక కులానికి, ఒక స్త్రీకి, చదువు రాని ఒక ఓటరుకు ఇంకా అర్హత రాలేదని ఎవరైనా అన్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అర్హత ఏమిటని కాదు. దాన్ని తేల్చే కుర్చీలో ఎవరు కూర్చున్నారు, ఆ కుర్చీ వల్ల వాళ్లకు దక్కేదేమిటి అని.